రాగి గొట్టం లోపలివైపు

ఆ రాగి గొట్టాన్ని నేను పైపైన తోమాను, లోపల కడగలేదు. ఇంత చిన్న మాటను ముప్ఫై ఏళ్లకు పైగా దాచుకున్నాను. మొన్న ఒక పెళ్లిలో గుమ్మం దగ్గర మా మీద పన్నీరు చల్లారు. పక్కనున్న మా బావ చెంప తుడుచుకుంటూ, చల్లిన అబ్బాయిని ఆపి, తాను ఒకప్పుడు ఇంట్లోనే పన్నీరు తీసిన సంగతి, అది ఎందుకు చెడిందన్న సంగతి మొదలుపెట్టాడు. ఆ కథ ఎన్నోసార్లు విన్నాను. ప్రతిసారీ దాని ముగింపు తప్పే, అది తప్పని తెలిసింది నాకొక్కడికే.

డెబ్బైల చివర్లో నేను డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం దొరక్క మాదన్నపేటలో అక్క వాళ్లింట్లో ఉండేవాణ్ణి. బావ ఒక ప్రభుత్వ కర్మాగారంలో లేతు మిషను మీద పని. ఆదివారం వస్తే ఆయన చేతులు ఊరుకునేవి కావు. ఒక వేసవిలో ఆయనకు పన్నీరు తీసే పిచ్చి పట్టింది. మార్కెట్లో వాడిపోయి మిగిలిన గులాబీలను గోనెసంచిలో తెచ్చి, పెద్ద డేగిసాలో పోసి, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద మెత్తి, వరండాలో కిరసనాయిలు పొయ్యి మీద ఉడికించేవాడు. మూతకు బిగించిన రేకు గొట్టంలోంచి చుక్క చుక్కగా వచ్చేది సీసాలో పట్టేవాడు. అది సారా బట్టీ అని గల్లీలో ఎవరైనా అనుకుంటారేమోనని అక్క ఇంటింటికీ తిరిగి, కాదని చెప్పి వచ్చింది. దాంతో అప్పటిదాకా అనుమానం లేనివాళ్లకు కూడా వచ్చింది. ఆ వారం మా ఇంటికి పిలవని చుట్టాలు చాలామంది వచ్చారు, పన్నీరు వాసన చూసి నిరాశగా వెళ్లారు.

పక్కింట్లో గడియారాలు బాగుచేసే పెద్దాయన ఉండేవాడు. బావ ఆయన్ను భాయ్‌సాబ్ అనేవాడు, ఆయన బావను ఇంజనీర్ సాబ్ అనేవాడు. కర్మాగారంలో ఎవరూ అలా పిలవరు కనుక బావకు ఆ పిలుపంటే ప్రాణం. భాయ్‌సాబ్ కూతురి పెళ్లి హుస్సేనీ ఆలంలో కుదిరితే, వచ్చినవాళ్లందరికీ చల్లే పన్నీరు తనదేనని బావ మాటిచ్చేశాడు.

అంత పన్నీరు రేకు గొట్టంతో అయ్యే పని కాదు. చిక్కంతా ఆవిరిని చల్లార్చడంలో ఉంది. గొట్టం మునిగేలా తొట్టిలో నీళ్లు పోస్తే అరగంటకే కాగిపోయేవి, నల్లా వచ్చేదేమో పొద్దున ఒక్క గంట. బావ రెండు రాత్రులు కాగితం మీద గీతలు గీసి దారి కనిపెట్టాడు. గోడ మీద రంజన్, అంటే నీళ్ల మట్టికుండ, దాని నుంచి రబ్బరు గొట్టంతో చల్లనీళ్లు డ్రమ్ము అడుగుకు దిగుతాయి. డ్రమ్ములో రాగి గొట్టపు చుట్ట. వేడెక్కిన నీళ్లు డ్రమ్ము పైనుంచి పొర్లి, పాత కూలరు నుంచి ఊడదీసిన వట్టివేళ్ల తడిక మీద జారి, చల్లబడి తొట్టిలో పడతాయి. తొట్టి నుంచి బకెట్టుతో మళ్లీ రంజన్‌లోకి, ఆ బకెట్టు ఉద్యోగం నాది.

రాగి గొట్టం నేనే పాత సామాన్ల దుకాణం నుంచి తెచ్చాను. కిరసనాయిలు ట్యాంకుకు వాడినదని దుకాణదారు చెప్పి మరీ ఇచ్చాడు. బావ అందులో ఇసుక నింపి, నలగకుండా చుట్టలా వంచి, ఇసుక దులిపి, కాగే సోడా నీళ్లు లోపల మూడుసార్లు పోసి కడగమని నాకిచ్చాడు. ఆ పూట మలక్‌పేట రేస్‌కోర్సులో గుర్రాలు చూడడానికి స్నేహితులు పిలిచారు. నేను దేవుడి సామాను తోమినట్టు చింతపండుతో పైన రుద్ది, తళతళలాడించి గోడకు ఆనించి పోయాను. సాయంత్రం బావ దాన్ని ఎత్తి చూసి మురిసిపోయాడు.

"బంగారం లెక్క జేసినవ్ రా బామ్మర్దీ. లోపల గడిగినవా?"

"మూడుసార్లు, బావా."

చల్లార్చే ఏర్పాటు బ్రహ్మాండంగా పనిచేసింది. పన్నీరు ధారగా పడింది. కిరసనాయిలు వాసన వచ్చింది నిజమే, కానీ పక్కనే కిరసనాయిలు పొయ్యి మండుతుంటే రాక ఏం చేస్తుంది?

పెళ్లిలో పన్నీటి బుడ్డీలు లేచాక తెలిసింది. మగపెళ్లివారి పెద్దాయన ఒకరు తన గడ్డం వాసన చూసుకుని, లాంతరు ఎక్కడ ఒలికిందా అని కిందికి వెతికాడు. బీడీ ముట్టించబోయిన ఇంకొకాయన దూరం జరిగాడు. బావ ముఖం చిన్నబోయింది. భాయ్‌సాబ్ మాత్రం బుడ్డీ అందుకుని తన కొత్త షేర్వానీ మీద రెండుసార్లు చల్లుకుని, "హమారే ఇంజనీర్ సాబ్ బనాయే సో హై" అని అందరికీ వినబడేలా చెప్పాడు. మా ఇంజనీర్ సాబ్ చేసిందని. నేను అప్పుడు నోరు తెరవవలసింది, తెరవలేదు.

ఇంటికి వచ్చి బావ చాలాసేపు ఆలోచించి కారణం తేల్చాడు. "కూలింగ్ ఎక్కువైంది రా. ఆవిరి దబ్బున నీళ్లైతె లోపల జాగ ఖాళీ అయితది. గా ఖాళీల పొయ్యి పొగ గుంజుకున్నది. లెక్క నేనే తప్పిన." నేను తలూపాను. మర్నాడు మొత్తం విప్పేశాడు. తర్వాత ఆయన ఇంట్లో ఏదీ తయారుచేయలేదు. నల్లా కారినా ఎవరినైనా పిలవమనేవాడు. భాయ్‌సాబ్ ఇంజనీర్ సాబ్ అని పలకరిస్తే చెప్పుల వైపు చూసేవాడు.

మొన్న ఆ అబ్బాయి ముందు కథ మళ్లీ "కూలింగ్ ఎక్కువైంది" దాకా వచ్చేసరికి ఇక వినలేకపోయాను. బావ చేయి పట్టుకుని పక్క కుర్చీలోకి తీసుకుపోయాను.

"బావా, గొట్టం లోపల నేను కడగలే. గుర్రాలు చూడబోయిన. నీకు అబద్ధం జెప్పిన. తప్పైంది, మాఫ్ చెయ్యి."

తిడతాడనుకున్నాను. ఆయన తడిసిన చెంపను ఒకసారి ముట్టుకుని, చాలాసేపు డ్రమ్మూ రంజనూ కళ్లముందు పెట్టుకున్నట్టు గాల్లో వేలితో ఏదో గీశాడు.

"అంటే, కూలింగ్ మంచిగనే జేసిందన్నట్టు?"

"మస్తు జేసింది, బావా."

ఆయన మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, ముగింపు సరిచేయడానికి ఆ అబ్బాయిని వెతుక్కుంటూ గుమ్మం వైపు నడిచాడు. కడగడానికి ఒక పూట చాలేది, కడగలేదని చెప్పడానికి నాకు సగం జీవితం పట్టింది.