నురగ ఆగని సీసాలు

2023 జనవరి. న్యూజిలాండ్ దక్షిణపు కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లో జనవరే ఎండాకాలం. ఎండాకాలమంటే మధ్యాహ్నం పూట స్వెటర్ విప్పగలగడమే. ఆ ఏడు మాత్రం వారం రోజులు నిజంగానే ఎండలు కాశాయి. నేను గుంటూరు నుంచి ఇక్కడి పాలిటెక్నిక్‌లో చదువుకోడానికి వచ్చి, ఇంట్లో బీరు తయారుచేసుకునేవాళ్లకి సామాన్లు అమ్మే షాపులో పనికి కుదిరి అప్పటికి ఆరేళ్లు. మాల్ట్, చేదునిచ్చే హాప్స్ పూలు, పులియబెట్టే ఈస్ట్ అమ్మడం సగం పని. తేడా వచ్చిన బీరు చూసి ఏమైందో చెప్పడం మిగతా సగం. ఎక్కువమంది అడిగేది నురగ గురించే. గ్లాసు పైన నిలిచే నురగని మేం హెడ్ అంటాం.

ఆ రోజు నారాయణమ్మ ఆంటీ వచ్చింది. వాళ్లది ఫిజీలో నాలుగు తరాలుగా ఉన్న తెలుగు కుటుంబం. మాటలు వెతుక్కుంటూ, పాతకాలపు తెలుగు మాట్లాడుతుంది. భర్త అప్పన్న అంకుల్ మీట్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, మా షాపుకి పాత ఖాతాదారు. ఆయన సెప్టెంబర్‌లో, ఇక్కడి చలికాలం చివర్లో పోయాడు.

ఆంటీ సంచిలోంచి తువ్వాల చుట్టిన సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"ఆయన చేసిందే. ఆయనతో పనిచేసినవాళ్లు వచ్చే ఆదివారం ఇంటికొస్తామన్నారు, తలా ఒకటి తాగుతామని. నిన్న ఒకటి తీసి చూస్తే నురగ పొంగి వంటగదంతా పారింది. పాడైపోయిందా అమ్మా?"

సీసాని షాపు పెరట్లోకి తీసుకెళ్లి, కళ్లద్దాలు పెట్టుకుని మూత తీశాను. తెల్లటి నురగ మూరెడు పైకి లేచింది. ఎంతకీ ఆగలేదు. సగం సీసా నేలపాలయ్యాక మిగిలింది వాసన చూశాను. పులుపు లేదు. సీసా మెడ లోపల తెట్టె లేదు. రుచి చూస్తే తియ్యగా ఉంది. గ్యాసు పోయేదాకా కలిపి, అందులో హైడ్రోమీటర్ వేశాను. బీరులో చక్కెర ఎంత మిగిలిందో చెప్పే గాజు గొట్టం అది. ఇంకా చాలా మిగిలి ఉంది.

"పాడవలేదు ఆంటీ. మిగతా సీసాలు ఎక్కడున్నాయి?"

"వేణ్ణీళ్ల ట్యాంకు పక్కన అల్మారాలో."

నాకు భయం వేసింది. ఆ వేడికి లోపల గ్యాసు పెరిగి, సీసాలు బాంబుల్లా పేలతాయి. ఆ తలుపు తీయవద్దని చెప్పి, మా యజమాని దగ్గర సెలవు తీసుకుని, మందపాటి గ్లవ్స్, ముఖానికి షీల్డ్ పట్టుకుని ఆమె వెంట వెళ్లాను. ఒక్కో సీసాని తువ్వాల్లో చుట్టి ఫ్రిజ్‌లోకి మార్చాను. ఒకటి అప్పటికే పగిలి గాజుముక్కలు అల్మారా చెక్కలో దిగి ఉన్నాయి.

పనయ్యాక ఆంటీ టీ పెట్టింది.

"ఆయన ఏం తప్పు చేశాడు?"

"తప్పు కాదు ఆంటీ. పులియడం పూర్తికాకముందే సీసాల్లో పోశారు. మిగిలిన చక్కెరని ఈస్ట్ సీసాలోనే తింటూ గ్యాసు చేసింది. చలికాలంలో ఈస్ట్ మొద్దుబారి బుడగలు ఆగిపోతాయి. అయిపోయిందనుకుని ఉంటారు."

ఆమె కప్పు కింద పెట్టింది. "ఆయన అట్లా అనుకునే మనిషి కాదు. ప్రతిసారీ ఆ గాజు గొట్టం వేసి చూసేవాడు. ఇంకా వారం ఆగాలి, ఇంకా వారం ఆగాలి అని నన్ను విసిగించేవాడు. ఆసుపత్రికి పోయే ముందురోజు గ్యారేజీలో కూర్చుని అన్నీ నింపాడు. రెండ్రోజుల టెస్టులేగా, వచ్చాక చేద్దువులే అన్నాను. మాట్లాడలేదు."

చలి వల్లే పొరబడ్డాడని మళ్లీ అనొచ్చు. ఆమె నమ్మేది కాదు.

"అంటే ఆయనకి తెలుసు," అంది. "తిరిగి రానని తెలుసు. నాకు చెప్పలేదు."

కప్పులు తీసుకెళ్లి కడిగాను. నేను బయల్దేరుతుంటే, "ఈ బీరు ఆదివారం వచ్చేవాళ్లకి ఇవ్వొచ్చా?" అని అడిగింది.

"నేను చూసుకుంటాను ఆంటీ."

బాగా చల్లబడితే గ్యాసు బీరులో కరిగి ఒత్తిడి తగ్గుతుంది. మర్నాటి నుంచి రోజూ షాపు కట్టేశాక వెళ్లి, ఒక్కో మూత కాస్త ఎత్తి గ్యాసు వదిలి, కొత్త మూత బిగించాను. ఆదివారానికి అందరికీ సరిపడా సీసాలు మిగిలాయి.

వచ్చినవాళ్లు గ్లాసులు ఎత్తి ఆయన పేరు చెప్పుకుని తాగారు. తియ్యగా ఉందని ఒకాయన అంటే, "తొందరలో చేశాడు," అంది ఆంటీ. జీవితంలో ఎప్పుడూ తాగని మనిషి, ఒక గ్లాసు తన ముందు పెట్టుకుని, నురగ అణిగాక ఒక్క గుక్క తాగింది. మిగతాది గ్యారేజీ గుమ్మంలో పోసి వచ్చింది.

ఏ నురగకి ఏది కారణమో నాకు ఆ రోజుకే బాగా తెలుసు. సీసా చూడగానే చెప్పేదాన్ని. ఇప్పుడూ చెబుతాను, కానీ ముందు ఎవరు చేశారని అడుగుతాను. వాళ్లు ఎలా ఉన్నారని కూడా అడుగుతాను.