ఆగుడు గూడ పనే

చిన్నమ్మ ఇక లేదని సిరిసిల్ల నుంచి ఆమె కొడుకు ఫోన్ చేసేసరికి, నేను కోరుట్లలో మా ఇంట్లో దీపానికి వత్తులు చేస్తున్నాను. పొద్దున చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఆనుకున్నదట. అంతే. ఫోన్ పెట్టేశాక కూడా నా చేతులు ఆగలేదు. దూదంతా అయిపోయాక చూసుకుంటే ఒళ్లో కుప్ప. "ఆగుడు గూడ పనే పిల్లా, నీకు గది రాదు" అని చిన్నమ్మ నవ్వేది. ఆ రోజు కూడా రాలేదు.

ఆమె మా అమ్మకు చెల్లెలు. కథలాపూర్ బడిలో ఏళ్ల తరబడి జీవశాస్త్రం చెప్పింది. పుట్టింది మాత్రం సిరిసిల్లలో, సాంచల చప్పుడులో. మా దిక్కు మరమగ్గాన్ని సాంచ అంటారు. పని దొరకని రోజుల్లో తాత ఇంటిల్లిపాదినీ తీసుకుని మహారాష్ట్రలోని భీవండికి సాంచల పనికి పోయాడు. అక్కడి ఇరుకు గది, ఆగని వాన, మరాఠీ తిట్లు చిన్నమ్మకు చివరిదాకా గుర్తున్నాయి. ఆ తిట్లు నేర్పుమంటే "గవి సిలబస్‌ల లేవు" అనేది.

ఎక్కడికి బయలుదేరినా గడప దగ్గర ఒక్క క్షణం ఆగేది. ఎందుకని అడిగితే "ఏం మర్శిపోయిన్నో సూసుకుంటున్న" అనేది. నేనేమో గడప దాటి, బస్టాండు దాకా పోయి, తాళం వేశానో లేదో అని వెనక్కి పరుగెత్తే మనిషిని.

కొన్నేళ్ల కింద నా రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది. ఎవరికీ చెప్పలేదు. మా ఆయన మస్కట్‌లో అప్పుడే కొత్త కంపెనీలో చేరాడు. తెలిస్తే పని వదులుకుని వచ్చేస్తాడని భయం. ధర్మపురి నర్సింహస్వామికి ముడుపు కట్టి, ఆయన సెలవు మీద వచ్చినంక చూపించుకుందామనుకున్నాను. జపానికి కూర్చుంటే మనసు నిలిచేది కాదు. లేచి వంటింట్లోకి, వంటింట్లో నుంచి వాకిట్లోకి.

అట్లాంటప్పుడే చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది. కాసేపు నన్ను చూసి, "గా గిన్నె నిన్నేమన్నదే? ఊకె తీస్తున్నవు, పెడుతున్నవు. ఏమైంది బిడ్డ?" అన్నది. చెప్పేశాను. ఆమె తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకున్నది.

"ఒంట్ల ఒక కణం రెండైతది, ఎరుకేనా?"

"పదోతరగతిల సదివిన చిన్నమ్మా."

"అది ఊకెనే రెండు కాదు. లోపట జన్యువులుంటయ్. ఎప్పుడు నడవాలె, ఎప్పుడు ఆగాలె అని అండ్లనే రాసి ఉంటది. గని గా రాత తనంతల తాను సదువుకోదు. కొన్ని ప్రోటీన్లు పోయి జన్యువు పక్కపొంటి కూసుండి, 'గిది సదువున్రి' అంటయ్. గప్పుడు దాని పని షురువైతది. గవిటినే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటరు. ఒకటి 'నడువు' అనే జన్యువులను లేపుతది. లోపట ఏదన్న దెబ్బతింటే ఇంకోటి 'ఆగు' అనే జన్యువును లేపుతది. దాంతోని బ్రేకు తయారైతది. కణం ఆగి, బాగుచేసుకుని, మళ్ల నడుస్తది. బాగు కాకుంటే తనంతల తానే సచ్చిపోతది."

"గా ఆపేదే ఖరాబైతే?"

చిన్నమ్మ భీవండి సంగతి ఎత్తుకున్నది. పోగు తెగితే సాంచను ఆపడానికి ఒక చిన్న ముల్లు ఉంటుంది. మాటిమాటికి ఆగుతుంటే మీటర్లు తగ్గుతాయని తాత ఒకరోజు ఆ ముల్లును దారంతో కట్టేశాడట. సాంచ ఆగలేదు. పోగు తెగినా ఉరుకుతూనే ఉన్నది. సాయంత్రానికి బట్టంతా జాలీ లెక్క, సందులు సందులుగా వచ్చింది.

"మా బాపు గా బట్టను పట్టుకుని కూసున్నడు. అన్నం తినలె," అన్నది. "కణంల గా ముల్లు పనిచేయకుంటే గట్లనే, తెగిన పోగుతోనే నేసుకుంట పోతది. అన్ని గడ్డలు గసుంటియి కావు. సూపించుకుంటెనే ఎరుక."

"స్వామికి మొక్కిన గద చిన్నమ్మా..."

"ముల్లు పెట్టిందే స్వామి, బిడ్డ. నీకు భయం పుట్టింది సూడు, గదే ముల్లు. ముడుపు మంచిదే. గని ముడుపు దారంతోని ముల్లును కట్టెయ్యకు."

మా ఆయనకు ఫోన్ ఆమే చేసింది. ఆయన అటు ఏడుస్తుంటే, "అల్లుడా, నువ్వచ్చేది ఉంటే రా, లేకుంటే లేదు. నువ్వు ఏడిస్తే మాత్రం మాకు లైన్ సక్కగ వినవడ్తలేదు" అన్నది. ఆయన ఏడుపులోనే నవ్వాడు.

గడ్డ చెడ్డదే. కానీ చిన్నగా ఉన్నప్పుడే దొరికింది. ఆపరేషన్ అయింది. ఆ తర్వాత ప్రతి పరీక్షకూ చిన్నమ్మ సిరిసిల్ల నుంచి వచ్చి నాతో కరీంనగర్ బస్సెక్కేది. ఆస్పత్రి బెంచీ మీద నేను స్వామి నామం అనుకుంటూ కాళ్లాడిస్తుంటే, నా మోకాలి మీద చెయ్యి వేసేది. కాలు ఆగేది.

ఈసారి పరీక్ష ఆమె చనిపోయిన వారంలోనే పడింది. పోలేదు. మైల అనుకున్నాను. ఆ మైల నాకు అన్ని రోజులు లేదని తెలుసు. ఆ బెంచీ మీద ఒక్కదాన్ని కూర్చోలేక దొరికిన సాకు అది.

దశదినం నాడు సిరిసిల్లలో వంటలు, చుట్టాలు, ఏడుపులు. నేను ఒక్కచోట నిలవలేదు. విస్తర్లు ఎత్తాను, నీళ్లు మోశాను. చిన్నమ్మ కోడలు నా చేతిలో బకెట్ లాక్కుని, "వదినె, దవఖానకు పోయినవా?" అని అడిగింది.

"మైలెల్లినంక పోత."

"అత్తమ్మ ఉంటే గా మాటకు ఏమనునో..." అన్నది.

ఏమనేదో నాకు తెలుసు. వాకిట్లోకి వచ్చాను. పక్క షెడ్డులో సాంచ ఆడుతున్నది. ఉన్నట్టుండి ఆగింది. కిటికీలో నుంచి ఒక మనిషి వంగి, తొందర లేకుండా, తెగిన పోగు వెతుక్కోవడం కనిపించింది.

నేను లోపలికి పోయి సంచి తీసుకున్నాను. గడప దగ్గర ఆగి, ఏం మరిచిపోయానో చూసుకున్నాను. ఆస్పత్రి కాగితాలు కోరుట్లలో ఉన్నాయి, అవి తీసుకునే కరీంనగర్ పోవాలి. బస్సుకు ఇంకా టైముంది. షెడ్డులో ఆ మనిషి ఇంకా వంగే ఉన్నాడు. పోగు రెండు కొసలు దొరికినట్టున్నాయి, వేళ్ల మధ్య తడిపి ముడి వేస్తున్నాడు.