చెరువు కట్ట మీద హారన్

మా లెక్కల మేడమ్ పోయారని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసులో బస్సుల ముందు కూర్చుని ఉన్నాను. నిజం బస్సులు కాదు, కంప్యూటర్ తెర మీద రంగు గీతల్లా కదిలేవి. ఈ నగరంలో ఏ బస్సు ఏ దారిన ఎన్నింటికి పోవాలో లెక్క వేసేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. "అక్కా, ఉదయగిరి మేడమ్ పోయిందంట. తెల్లారుజామున నిద్రలోనే. రేపు మధ్యాన్నం సమాధి చేస్తారంట, వస్తావా?" అన్నాడు. వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక తెర మీద గీతలన్నీ అలుక్కుపోయాయి. పక్క సీటు అబ్బాయి నీళ్ళ సీసా నా వైపు జరిపాడు. ఏడుస్తున్నాను గానీ, మేడమ్ వేసిన బస్సు మొదటిరోజు మా ఊరికి వచ్చిన తీరు గుర్తొచ్చి మధ్యలో నవ్వు కూడా వచ్చింది. ఆ అబ్బాయి నన్ను కొంచెం భయంగానే చూశాడు. ఆ నవ్వు సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను ఆత్మకూరులో డిగ్రీ చదివే రోజుల్లో ఆవిడ మాకు లెక్కలు చెప్పేవారు. ఉండేది ఉదయగిరిలో, చెల్లెలి కుటుంబంతో. పొద్దున్నే ఉదయగిరి బస్సులో వచ్చి, సాయంత్రం అదే దారిన వెళ్ళిపోయేవారు. బస్సు ఎక్కేటప్పుడు అందరికన్నా చివర ఎక్కేవారు. ఎక్కినాక కూడా వెనక్కి తిరిగి, రైట్ చెప్పబోయే కండక్టర్‌ని ఆపి, "ఇంకెవరన్నా ఉండారేమో చూడు నాయనా" అనేవారు. సీటు లేకపోతే కమ్మీ పట్టుకుని నిలబడేవారు. ఎవరన్నా లేవబోతే, "కూచోమ్మా, నిలబడి జీతం తీసుకునేదాన్ని నేను" అని నవ్వేవారు. చేతిసంచిలో ఖాళీ పౌడర్ డబ్బా ఒకటి ఉండేది, దాన్నిండా గోటి మందాన అరిగిపోయిన సుద్దముక్కలు. కొత్త సుద్ద విరిచేవాళ్ళంటే ఆవిడకు సరిపడేది కాదు.

క్లాసులోనూ అదే మాట. లెక్క చేసి చూపిస్తే ఒప్పు అనరు, తప్పు అనరు. కళ్ళజోడు పైకి నెట్టి, "ఇంకెవరన్నా ఉండారేమో చూడు" అంటారు. నువ్వు లెక్కలోకి తీసుకోకుండా వదిలేసింది ఏదన్నా ఉందేమో వెతుక్కోమని అర్థం. ఆ మాటకు మేము హడలిపోయేవాళ్ళం. అంతా సరిగ్గా చేసినవాళ్ళు కూడా తెచ్చి చూపించిన పేజీ చంకలో పెట్టుకుని మళ్ళీ బెంచీకి పోయేవాళ్ళు.

రెండో సంవత్సరంలో లీనియర్ ప్రోగ్రామింగ్ అని ఒక పాఠం ఉండేది. ఉన్న వనరులు ఇంతే, పెట్టిన షరతులు ఇవి, వీటికి లోబడి అన్నిటికన్నా మంచి జవాబు కనుక్కోవాలి. పుస్తకంలో ఉదాహరణ బల్లలూ కుర్చీలూ తయారుచేసే ఫ్యాక్టరీ. మేడమ్ సగం చదివి పుస్తకం మూసేశారు.

"మన పక్క బల్లల ఫ్యాక్టరీ యాడుండాది? మీలో ఎవురన్నా చూసినారా?"

చూడలేదన్నాం.

"మరి రోజూ మీ ప్రాణం తీసేది ఏంది?"

"బస్సు మేడమ్" అని వెనక బెంచీ మొత్తం ఒక్కసారే అరిచింది.

"అయితే దాని లెక్కే చేద్దాం" అన్నారు.

అందరికీ అది ఆటగానే ఉండింది. నాకు మాత్రం ఆట కాదు. మా ఊరు ఆత్మకూరు నుంచి అనంతసాగరం పోయే దారిలో మెయిన్ రోడ్డుకు లోపల ఉంటుంది. నాలుగైదు ఊళ్ళు చుట్టుకుని వచ్చే బస్సు మమ్మల్ని కాలేజీ దగ్గర దింపేసరికి మొదటి పీరియడ్ అయిపోయేది. షేర్ ఆటోలు నిండితేగానీ కదలవు. హాజరు తక్కువైందని కాలేజీ నుంచి ఇంటికి కబురు వచ్చింది. మా నాయనకు జీవాలు ఉండేవి, గొర్రెలూ మేకలూ కలిపి పెద్ద మందే. అమ్మకు మోకాళ్ళు పట్టేసినాక మంద వెంట తిరగడానికి ఇంకో మనిషి లేకుండా పోయింది.

"సగం చదువుకు రోజంతా పోవడమేందిమే?" అన్నాడు నాయన ఒకనాడు అన్నం తింటూ. "ఈ నెల చూస్తా. మొదటి గంటకు అందితే సదువుకో. లేదంటే మానేసి జీవాల ఎంట పో." కోపంగా అని ఉంటే ఏడ్చి గెలిచేదాన్ని. మెల్లగా అన్నాడు కాబట్టి భయం వేసింది.

మేడమ్‌తో చెప్పాను. ఓదార్చలేదు. "సరే, ఇది కూడా ఒక షరతు, రాసుకో" అన్నారు.

మేడమ్ పోయి అడిగితే డిపోలో కొత్త బస్సు ఇవ్వలేమని ముందే చెప్పారు. ఆవిడకు కొత్తది అక్కర్లేదు. తాను రోజూ దిగే ఉదయగిరి బస్సు ఆత్మకూరు స్టాండులో జనాన్ని దిగబోసి, మళ్ళీ నెల్లూరు పోయే వేళ దాకా ఊరికే నిలబడి ఉంటుందని ఆవిడకు తెలుసు. మధ్యాహ్నం క్యారియర్ విప్పేది కూడా బస్టాండు బెంచీ మీదే, వచ్చే పోయే బస్సుల్ని చూస్తూ. ఆ ఖాళీ వేళలో ఆ బస్సు మా ఊళ్ళు చుట్టి రాగలదా అన్నది లెక్క.

కాలేజీ వరండాలో సుద్దతో దారులు గీశాం. ఊరికొక గుండ్రం. ఎక్కేవాళ్ళు చింతగింజలు, బస్సు అగ్గిపెట్టె. ఎవరి ఊరి గింజలు వాళ్ళు పట్టుకుని కూర్చున్నాం. అటు నుంచి తోస్తే ఒక ఊరివాళ్ళు ఎక్కువసేపు కూర్చోవాలి, ఇటు నుంచి తోస్తే ఇంకో ఊరివాళ్ళు. మా ఊరికి ఎక్కువ గింజలు కావాలని నేను పోట్లాడితే మేడమ్, "నువ్వు మీ నాయన మేకల్ని కూడా లెక్కేసినట్టుండావే" అన్నారు. చివరికి తేలిందేమంటే, ఇన్నేళ్ళూ పాత బస్సు తిరిగిన దిశకు ఎదురుగా తిప్పితే, ఆత్మకూరు సంత వీధిలో కూరగాయల లారీలు అడ్డం పడకముందే బస్సు దాటిపోతుంది, మొదటి గంటకు బాగా ముందే కాలేజీకి చేరుతుంది. కాగితం మీద అంతకన్నా మంచి జవాబు లేదని రుజువు కూడా చేశాం. డిపో మేనేజర్ మంచాయన. "ఒక వారం పాత బస్సుకు బదులు దీన్ని తిప్పి చూస్తామమ్మా. ఎక్కేవాళ్ళు లేకపోతే ఆపేస్తాం" అన్నాడు.

ఇక ఆ మొదటిరోజు. మా ఊళ్ళో బస్సు కోసం రోడ్డు మీద నిలబడే అలవాటు ఎవరికీ లేదు. బస్సు చెరువు కట్ట మలుపు తిరగ్గానే డ్రైవర్ ఒక పొడుగు హారన్ కొడతాడు. అది నీళ్ళ మీదుగా ఊరంతా వినిపిస్తుంది. అప్పుడు చెయ్యి కడుక్కుని, తలుపు దగ్గరికి వేసి, పరిగెత్తితే బస్సు అందుతుంది. తాతల నాటి నుంచీ అంతే. ఆ పొద్దు నేను కూడా జడ వేసుకుని, పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని, చెవులు కట్ట వైపు పెట్టి అరుగు మీద కూర్చున్నాను.

కొత్త దిశలో బస్సు గుట్ట పక్క నుంచి వచ్చింది. గుట్ట అడ్డం, ఏమీ వినపడలేదు. రోడ్డు మీద ఆగి ఒక పొట్టి హారన్ కొట్టింది. పాల వ్యానేమో అనుకున్నాం. డ్రైవర్ కాసేపు చూసి, టైమ్‌టేబుల్లో మా ఊరికి అంతకన్నా ఇవ్వలేదు కాబట్టి, ఖాళీగా కదిలిపోయాడు. ఆ టైమ్‌టేబుల్ రాసింది మేమే. తర్వాత కట్ట ఎక్కి, మలుపు దగ్గర అలవాటు కొద్దీ పొడుగు హారన్ కొట్టాడు. అంతే, ఊరు ఊరంతా సందుల్లోంచి ఊడిపడింది. క్యారియర్లు, వంకాయల గంపలు, తడి జుట్టుతో పిల్లలు, ఒక చెప్పుతో మా పెదనాయన. అందరం రోడ్డు మీదికొచ్చి కట్ట వైపు చూస్తే, కట్ట అవతలి చివర దిగిపోతున్న బస్సు వీపు కనిపించింది.

"ఎళ్ళేటప్పుడు హారన్ కొట్టే బస్సు యాడన్నా ఉండాదా?" అని పెదనాయన ఆ రెండో చెప్పు కోసం వెనక్కి పోయాడు. మా నాయన మందకు గేటు తీసి నా వైపు ఒకసారి చూశాడు.

ఆటో పట్టుకుని మధ్యాహ్నానికి కాలేజీ చేరాను. అప్పటికే మేడమ్‌కు డిపో నుంచి మాట వచ్చేసింది. వరండాలో అగ్గిపెట్టె ముందు కూర్చుని ఉన్నారు.

"ఊరోళ్ళు సరే, నువ్వెందుకు ఎక్కలా?"

"హారన్ ఇనపడలా మేడమ్."

"హారనేంది?"

చెప్పాను. చెబుతూ ఉంటే ఆవిడ మొహం మెల్లగా విప్పారింది. కళ్ళజోడు తీసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని మరీ నవ్వారు. "ఎంతమందిమి కూచున్నాం ఇక్కడ! దారులేసినాం, గింజలేసినాం, లారీల్ని కూడా ఏసినాం. మీ ఊరి చెవుల్ని ఒక్కళ్ళం కూడా ఎయ్యలా!"

ఊళ్ళో చెప్పి ముందే వచ్చి నిలబడమంటే సరిపోతుంది కదా అన్నాడు మా క్లాసు అబ్బాయి ఒకడు. "పెళ్ళికే ముందు రారురా మా ఊరోళ్ళు" అన్నాను. మేడమ్ తల ఊపారు. "బస్సు పుట్టకముందు నుంచి ఉండే ఊరు. మారాల్సింది బస్సే" అని డబ్బాలోంచి సుద్దముక్క తీశారు.

ఆ పూటే మళ్ళీ లెక్క వేశాం. ఈసారి షరతుల్లో ఇంకోటి చేరింది: బస్సు మా ఊళ్ళోకి కట్ట మీదుగానే రావాలి. గుట్ట దారి వదిలేసి, అడ్డరోడ్డున ముందు పక్క ఊరికి పోయి, అక్కణ్ణుంచి కట్ట మీదుగా మా దగ్గరికి వచ్చి, మళ్ళీ అదే కట్ట మీదుగా తిరిగిపోవాలి. బస్సు కొంచెం ఎక్కువ తిరుగుతుంది. కాలేజీకి చేరేది మొదటి గంటకు కాస్త ముందే, గేటు నుంచి పరిగెత్తాల్సిందే. కాగితం మీద చూస్తే మొదటి దానికన్నా తక్కువ జవాబు. మేడమ్ దాని కిందే గీత గీశారు.

డిపో మేనేజర్ మొదట ఒప్పుకోలేదు. "హారన్ను లెక్కలో ఎట్టా పెడతారమ్మా?" అన్నాడు. మేడమ్ ఆయన గది గచ్చు మీదే కూర్చుని సుద్దతో గీసి చూపించారు. చూసి చూసి, "వారం అయ్యేదాకా మీ ఇష్టం" అన్నాడాయన. ఆ గచ్చు తుడవడానికి ఎవరికీ మనసొప్పక చాలా రోజులు అలాగే ఉంచారట.

మర్నాడు పొద్దున కట్ట మీద హారన్ మోగింది. ఊరు లేచింది. నేను ఎక్కేసరికి బస్సులో మేడమ్! ఆత్మకూరులో దిగకుండా అదే బస్సులో చుట్టు తిరగడానికి వచ్చేశారు. మెట్ల దగ్గర నిలబడి కండక్టర్‌తో, "ఇంకెవరన్నా ఉండారేమో చూడు నాయనా" అని ఆ మాటే అంటున్నారు. పెదనాయన రెండు చెప్పులతో ఎక్కాడు. కాలేజీ గేటు దగ్గర దిగి ఆవిడ వెనకే పరిగెత్తాను. మేం వరండా ఎక్కుతుండగా మొదటి గంట కొట్టారు. నా జన్మలో అంత సంతోషం మళ్ళీ కొన్నిసార్లే చూశాను.

వారం అయ్యాక బస్సు ఆగలేదు. చదువు మానుకోమన్న మాట నాయన మళ్ళీ ఎత్తలేదు. కానీ పొద్దున్నే కట్ట ఎక్కించే మందను బస్సు పోయేదాకా ఇవతలే ఆపి ఉంచేవాడు. నన్ను చదువుకోమని ఆయన నోటితో చెప్పింది ఎప్పుడూ లేదు. ఆ గొర్రెల మధ్య కర్ర అడ్డం పెట్టుకుని నిలబడిన మనిషిని బస్సు కిటికీలోంచి రోజూ చూసేదాన్ని.

రిటైరైనాక కూడా మేడమ్ తీరు మారలేదు. ఒకసారి ఉదయగిరిలో పెళ్ళికి కలిశాం. చివరి వరసకు సాంబారు చల్లారి వస్తోందని చూసి, వడ్డించే కుర్రాళ్ళను పిలిచి, బకెట్లు మధ్యలో పెట్టి రెండు వైపులకూ పొమ్మన్నారు. తర్వాత బంతిలో చివర కూర్చున్న ముసలమ్మ ఆకులోంచి పొగలు లేస్తుంటే, మేడమ్ పెళ్ళికూతుర్ని చూసినదానికన్నా మురిపెంగా చూశారు. నా ఉద్యోగం గురించి ఫోన్లో అడిగేవారు. లక్షల మంది, వేల బస్సులు, కంప్యూటర్ క్షణంలో జవాబిస్తుంది అని గొప్పగా చెబితే, "బాగుండాది. ఇచ్చినాక నువ్వు బస్సెక్కి చూస్తావా?" అనేవారు. చూస్తాను మేడమ్. ఇప్పటికీ కొత్త టైమ్‌టేబుల్ వేసిన మొదటి పొద్దు నేను ఆఫీసుకు పోను, ఆ బస్సులోనే ఉంటాను. అది మీరు పెట్టిన అలవాటే.

ఉదయగిరిలో సమాధి దగ్గర పెద్దగా ఏడుపులు లేవు. చర్చివాళ్ళు పాటలు పాడారు. కొండ మీద ఎండ చల్లబడుతుండగా మేడమ్ చెల్లెలు ఆ పౌడర్ డబ్బా తెచ్చి పెట్టె మీద సుద్దముక్కలు కుమ్మరించింది. నిండుగా బతికి, నిద్రలో వెళ్ళిపోయిన మనిషి. బెంగగా ఉంది గానీ బరువుగా లేదు.

ఆ రాత్రికి మా ఊరు చేరి, పొద్దున్నే తిరుగు ప్రయాణానికి సంచి సర్దుకుని అరుగు మీద కూర్చున్నాను. ఆలస్యమవుతుందేమోనని లేవబోతే నాయన, "యాడికిమే? ఇంకా హారన్ కొట్టలా, కూచో" అన్నాడు. మంద ఇప్పుడు తమ్ముడు చూసుకుంటున్నాడు. నాయనకు చూపు తగ్గింది గానీ చెవులు బాగానే ఉన్నాయి.

కట్ట మీద హారన్ మోగింది. ఈ వయసులో కూడా పరిగెత్తాను. బస్సు కొత్తది, డ్రైవర్ కొత్తవాడు, కండక్టర్ పాతికేళ్ళ అమ్మాయి, మేడమ్‌ను చూసి కూడా ఉండదు. నేను చివర ఎక్కాను. ఆ అమ్మాయి రైట్ చెప్పబోయి ఆగి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని బయటికి వంగి, ఊరి వైపు చూస్తూ కేకేసింది.

"ఇంకెవరన్నా ఉండారా?"

సందు చివర నుంచి ఒక పిల్ల వస్తోంది. ఒక జడ అల్లింది, రెండోది సగంలో ఉంది, రిబ్బన్ పళ్ళ మధ్య పట్టుకుని, పుస్తకాల సంచి నడుముకు కొట్టుకుంటుంటే పరిగెత్తుకొస్తోంది. డ్రైవర్ బ్రేకు మీద కాలు తియ్యకుండా ఆ పిల్ల వైపే చూస్తూ కూర్చున్నాడు.