పుట్టమన్నుతో చేసిన రెండు గుట్టలు

ఓర్వకల్లు నుంచి మా ఊరికి వచ్చే రోడ్డు మీద నిలబడి చూస్తే రెండు గుట్టలు అతుక్కుని ఉన్నట్టు కనిపిస్తాయి. నిజానికి వెనక గుట్ట చాలా దూరంలో ఉంది. మధ్యలో పెద్ద సందు. వెనక గుట్ట మీద కురిసిన వానంతా ఆ సందులోంచి వచ్చి, ఎడమకు తిరిగి, మా చేను మీద పడుతుంది. చుట్టూ నడిస్తేగానీ ఇది తెలియదు. ఊరికి చెక్‌డ్యామ్ మంజూరైనప్పుడు వచ్చిన ఇంజనీరు నడవలేదు. జీపు దిగి, రోడ్డు మీద నుంచే ముందు గుట్ట కింద చోటు చూపించి పోయాడు.

కట్ట సందులో పడితే నీళ్లు నిలుస్తాయి, నా చేను మిగులుతుంది. లేకపోతే ప్రతి వానకూ మన్ను కొట్టుకుపోతుంది. ఈ మాట సర్పంచుకు మూడుసార్లు చెప్పాను. అతను మా చిన్నాయన కొడుకు, నాకంటే చిన్నవాడు. అన్నా అని పిలవాల్సింది, పదిమందిలో సారూ అంటాడు. "మ్యాపులో అంతా ఉండాది సారూ" అన్నాడు. ఆ మ్యాపులో గుట్టలు రెండు సున్నాలు.

నేను హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ణి. మూడు ఆదివారాలు అడుగులు లెక్కపెట్టుకుంటూ గుట్టలు తిరిగాను. ఊరంతా చూస్తుండగా పుట్టమన్ను మోసుకొచ్చి, పిసికి, చెక్క మీద గుట్టలు, సందు, చేను చేశాను. ఆరాక వార్నిష్ పూశాను. తొట్టిలో పెట్టి, వేలెడు వేలెడు నీళ్లు పెంచుతూ, నీళ్లు తాకిన ఎత్తులో మేకుతో గీతలు గీశాను. ప్రతి గీతా సందు దగ్గర లోపలికి వంగింది, నీళ్ల దారి అదేనన్నట్టు.

గ్రామసభలో బల్ల మీద పెట్టాను.

"ఏం సారూ, వినాయకుణ్ణి చేసినావా? తొండం యాడప్పా?" అన్నాడు సర్పంచు.

ఎవరెవరు నవ్వారో వరసగా చెప్పగలను. ఇంజనీరు తన టీ గ్లాసు వెనక గుట్ట నెత్తిన పెట్టాడు. ఆ గుండ్రటి మచ్చ ఇంకా పోలేదు.

నవ్వినవాళ్లే తప్పు తెలుసుకుని ఇంటికి తెచ్చిస్తారని బొమ్మను పంచాయతీ ఆఫీసు అరుగు మీదే వదిలేసి వచ్చాను. ఎవరూ తేలేదు. నాగుల చవితి నాడు వెళ్లేసరికి దానికి పసుపు, కుంకుమ. పుట్టమన్నే కదా, పుట్ట దాకా నడవడమెందుకని ఆడవాళ్లు దానికే పాలు పోస్తున్నారు. సర్పంచు పెళ్లాం వెనక గుట్ట మీద చెంబు వంచింది. పాలు సందులోంచి దూరి, ఎడమకు తిరిగి, నా చేను మీద మడుగు కట్టాయి.

"ఏం బావా, పాలన్నీ నీ చేనికే పోతాండాయే" అంది.

సర్పంచును పిలిచి చూపించాను.

"దేవునికి పోసిన పాలతో పంచాయితీ పెడతావా సారూ" అని వెళ్లిపోయాడు.

ఆ రోజే బొమ్మను ఇంటికి తెచ్చుకున్నాను. చెక్‌డ్యామ్ ఇంజనీరు చూపిన చోటే కట్టారు. దాని నీడలో మేకలు పడుకుంటాయి. నీళ్లు ఎప్పటి దారినే వచ్చి నా చేనులో సగం కోసేశాయి.

పోయిన నెల సర్పంచు మా ఇంటికి వచ్చాడు. ఇంకో కట్ట మంజూరైందట, కొత్త ఇంజనీరు వస్తున్నాడట.

"అన్నా, ఆ బొమ్మ యాడుండాది? ఒకసారి చూపిస్తే సరిపోతాది."

అన్నా అన్నాడు, కానీ ఇంట్లో, ఎవరూ లేనప్పుడు. బొమ్మ నేను కూర్చున్న మంచం కిందే ఉంది.

"దానికి తొండం పెట్టాల్సి ఉండాదప్పా. అయినాక చెప్పి పంపిస్తా" అన్నాను.

నిన్న వాన పడింది. చేను ఇంకో గజం తెగింది. బొమ్మ మంచం కిందే ఉంది.