వెంచర్ రోడ్ల మీద అత్తమ్మతో నడక

ఆపరేషన్ తర్వాత నా కుడి చెయ్యి భుజం దాటి లేచేది కాదు. రవిక తొడుక్కోవాలన్నా మా ఆయన సాయం చెయ్యాల్సి వచ్చేది. ఆ పైన కీమో మొదలైంది. మందు ఎక్కించుకుని వచ్చాక కొన్నాళ్ల పాటు మంచం దిగి బాత్‌రూమ్‌ దాకా వెళ్లడమే గగనమయ్యేది. అలాంటి నన్ను పట్టుకుని డాక్టరమ్మ, "ఊరికే పడుకోకండి. జ్వరం లేని రోజు కాసేపైనా నడవండి. చెయ్యి లేవడానికి వేళ్లను గోడ మీద మెల్లగా పైకి పాకించండి," అంది. ఆమెకేం, చెబుతుంది అనుకున్నాను.

మా అత్తమ్మకు ఆ మాట అసలు నచ్చలేదు. నాకు రొమ్ము క్యాన్సర్ అని తెలిసిన రోజే ఆమె బట్టల సంచీ పట్టుకుని గౌడవెల్లి నుంచి మేడ్చల్‌లోని మా ఇంటికి వచ్చేసింది. వచ్చింది మొదలు నన్ను చీపురు ముట్టనివ్వలేదు, గ్లాసు కడగనివ్వలేదు.

"నిలవడనీకె శాతనైతలేదు, నడువుమంటదా గామె?" అని మండిపడింది. "ఇంత జావ తాగి పండుకో బిడ్డా. నేనున్న గద."

"పండుకుంటే ఇంకింత నీరసమైతదట అత్తమ్మా."

"గట్లెవ్వలన్న జెప్తరా? బాలింతనే పండుకోమంటరు!"

నిజానికి ఆమె మాటే నాకు హాయిగా ఉండేది. పడుకున్నాను. ఎంత పడుకున్నా అలసట తీరలేదు. నిద్ర లేచినా రాత్రంతా మూటలు మోసినట్టే ఉండేది. ఒకరోజు కుర్చీలోంచి లేవబోతే కాళ్లు నిలవలేదు. వాటిలో సత్తువంతా ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. భయం వేసింది. ఆ సాయంత్రమే చెప్పులు వేసుకున్నాను.

"యాడికి?"

"గా వెంచర్ దాకా."

అత్తమ్మ గొణుక్కుంటూనే నీళ్ల సీసా తీసుకుని వెంట వచ్చింది.

వెంచర్ అంటే మా కాలనీ వెనక అమ్మకానికి ప్లాట్లు చేసి వదిలేసిన భూమి. సిమెంటు రోడ్లు, హద్దు రాళ్లు తప్ప ఒక్క ఇల్లూ లేదు. జుట్టు ఊడిన నా తలను చూసేవాళ్లు ఉండరని అటే వెళ్లేవాళ్లం. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. ఒకరి కోసం ఒకరం ఆగుతూ నడిచేవాళ్లం.

మరో కీమో తర్వాత ఒకరోజు సగం దారిలో కళ్లు తిరిగాయి. వాంతి చేసుకుని రోడ్డు అంచున కూలబడ్డాను. నన్ను లేపబోయి, ఆపరేషన్ అయిన చెయ్యి గుంజుతానేమోనని అత్తమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. నా మూతి తుడిచి, తనూ పక్కనే కూర్చుంది. కాసేపటికి లేవబోతే ఆమె మోకాళ్లు సహకరించలేదు.

"ఇగ ఇద్దర్ని ఎవలు లేపాలె?" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "గీ రోగం నాకన్న రాకపాయె బిడ్డా. నేను బతికేది బతికిన," అంది. నీళ్ల సీసా ఆమె చేతికిచ్చాను.

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. కళ్లు తిరగడం తగ్గాక ముందు నేనే లేచి, ఎడమ చెయ్యి ఆమెకు అందించాను. ఆమె బరువుకు ఒళ్లంతా వణికింది కానీ, ఆమె లేచి నిలబడింది. జబ్బు పడ్డాక నేను ఒక మనిషికి ఆసరా ఇవ్వడం అదే మొదలు.

ఆ తర్వాత నన్ను పడుకోమనడం ఆమె మానేసింది. రేడియేషన్‌కు చర్మం కమిలి మండుతున్న రోజుల్లో గేటు దాకా వెళ్లి తిరిగొచ్చినా, "గంతే సాలు," అనేది.

ఇప్పుడు చికిత్స అయిపోయింది. అత్తమ్మ గౌడవెల్లి వెళ్లిపోయింది. అందరూ నాకు బాగైపోయిందనే అనుకుంటారు. మధ్యాహ్నం అన్నం తినగానే ఒళ్లు ఇసుక బస్తాలా బరువెక్కడం వాళ్లకు తెలియదు. చెయ్యి చాలావరకు లేస్తుంది, పూర్తిగా లేవదు. అయినా పొద్దు వాలాక అదే రోడ్ల మీద మెల్లగా తిరిగి వస్తాను. ఉత్సాహం ఉండి కాదు. నడిచిన రోజు కాస్త నిద్ర పడుతుంది, మర్నాడు లేచి ఇల్లు ఊడ్చుకోగలుగుతాను.