కరుణమ్మ గారు సరిదిద్దుకున్న వాక్యం

పోయిన గురువారం ఉదయం బడిలో ప్రార్థన ముగిసి పిల్లలు తరగతులకు కదులుతుండగా కరుణమ్మ గారి తమ్ముడు దేవదానం గారి నుంచి ఫోను వచ్చింది. "శారదమ్మా, అక్క వెళ్ళిపోయిందండి. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలాగే గోడకి ఒరిగిపోయింది" అన్నారు. అలవాటుగా "ఆయ్" అన్నాను. ముందురోజు సాయంత్రమే అమలాపురం బస్టాండులో కలిసి, నా చేతిలో సంచి లాక్కుని, బస్సు వచ్చేదాకా కబుర్లు చెప్పిన మనిషి. మృత్యువు అంత నిశ్శబ్దంగా వచ్చి అంతటి స్పష్టమైన కంఠాన్ని ఆపేసిందంటే మనసు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

ఆమె మా ఉన్నత పాఠశాలలో దశాబ్దాలపాటు హిందీ పండితురాలు. కొబ్బరితోటల్లో చెట్లెక్కి కాయలు దింపే కూలీగా బతికిన తండ్రికి తొలి సంతానం. ఆ వంశంలో కలం పట్టిన మొదటి స్త్రీ. నేను మొదట ఆమె శిష్యురాలిని, తర్వాత అదే బడిలో తెలుగు ఉపాధ్యాయురాలిని. పక్కపక్క కుర్చీల్లో కూర్చున్న రోజుల్లో కూడా "మేడమ్" అనడం మానలేకపోయాను.

సత్యనిష్ఠ ఆమెకు వ్యాకరణంతోపాటే అబ్బింది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా వరండాలో పూలకుండీ ఒకటి నా చెయ్యి తగిలి కిందపడింది. "కుండీ పగిలిపోయిందండి" అన్నాను. "దానంతట అదే పగిలిందామ్మా? 'పగలగొట్టేను' అను. క్రియకి కర్త ఉండాలి" అన్నారు. అన్నాను. దండించలేదు. నాతోపాటు వంగి పెంకులు ఏరారు. "తప్పు చేసినవాళ్ళు వాక్యంలోంచి పారిపోకూడదు" అన్నది ఆమె తరచూ చెప్పే మాట. అది విని పెరిగినవాళ్ళం ఈ సీమలో వందలమంది ఉన్నాం.

ఆ నిష్ఠే ఆమెను జీవితంలో ఒక్కసారి ఘోరంగా తప్పుదారి పట్టించింది. ఆ సంగతి రాయకుండా ఆమె గురించి రాయడం సాధ్యం కాదు.

కొన్నేళ్ళ క్రితం అల్లవరం వైపు ఒక రొయ్యల చెరువు దగ్గర కాపలా పనికి బీహారు నుంచి లఖన్ అనే అతను వచ్చాడు. కొంగల్ని బెదరగొట్టడానికి యజమాని అతనికి లైసెన్సు లేని నాటు తుపాకీ ఒకటి ఇచ్చాడు. ఒక సాయంత్రం అది పేలి, గట్టు మీద నడిచి వస్తున్న సుధీర్ అనే కుర్రాడి తుంటిలో సీసపు గుళ్ళు దిగాయి. అంతకుముందు వాళ్ళిద్దరికీ మాటామాటా వచ్చిన సంగతి అందరికీ తెలుసు. అది హత్యాయత్నం కేసయింది. లఖన్‌కు తెలుగు రాదు. మేజిస్ట్రేటు గారి ముందు అతని వాంగ్మూలాన్ని తెలుగులో చెప్పడానికి కరుణమ్మ గారిని పిలిపించారు.

లఖన్ అన్నది ఇది: "ఘోడా హాథ్ సే ఛూట్ గయా, గోలీ చల్ గయీ." కరుణమ్మ గారు చెప్పిన తెలుగు ఇది: "తుపాకీ మీట నొక్కి పేల్చాను." చక్కని వాక్యం. కర్త, కర్మ, క్రియ అన్నీ కుదిరిన వాక్యం. లఖన్‌కు బెయిలు రాలేదు. పూచీ ఉండేవాళ్ళెవరూ ఈ ఊళ్ళో లేరు.

నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆమె తొమ్మిదో తరగతిలో అకర్మక, సకర్మక క్రియలు చెబుతున్నారు. టూట్‌నా అంటే విరగడం, తోడ్‌నా అంటే విరగ్గొట్టడం. ఇంకో ఉదాహరణ చెప్పండి మేడమ్ అని పిల్లలు అడిగితే, చల్‌నా, చలానా అని బోర్డు మీద రాసి ఆగిపోయారు. పక్క గదిలో ఉన్న నాకు తరగతిలో అల్లరి వినిపించింది. ఆమె క్లాసులో అల్లరా అని వెళ్ళి చూస్తే, ఆమె బోర్డు వైపే చూస్తూ నిలబడి ఉన్నారు. నన్ను చూసి, "శారదా, ఆ మనిషి 'చలాయీ' అనలేదే. 'చల్ గయీ' అన్నాడే. పేలిందన్నాడు. నేను పేల్చేనని చెప్పేను" అన్నారు. ఆ ముఖంలో కనిపించింది భయం కాదు. సిగ్గు. పెద్దవాళ్ళు పిల్లల ఎదుట అంతగా సిగ్గుపడడం నేను అంతకుముందు చూడలేదు.

ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని, సైన్యంలో పనిచేసి వచ్చిన సత్యనారాయణ గారింటికి వెళ్ళారు. ఘోడా చేతిలోంచి జారిందని లఖన్ అన్నాడు. హిందీలో ఘోడా అంటే గుర్రం, తుపాకీ విషయంలో మీట అని ఆమె చదువు. "మీట అనీ అంటారండి. నాటు తుపాకీకి వెనకాల సుత్తిలా లేచి పడేది ఉంటది చూడండి, దాన్ని కూడా ఘోడాయే అంటారు. బొటనవేలితో వెనక్కి లాగుతుంటే జారిందనుకోండి, మీట ముట్టుకోకుండానే పేలిపోద్ది" అని ఆయన చేతులతో చేసి చూపించారు. కరుణమ్మ గారు తన బొటనవేలు అలాగే మడిచి చూసుకున్నారు. "రెండర్థాలు ఉన్నచోట నేను ఒకటే ఎంచేను. అడగలేదు" అన్నారు.

మర్నాడు ప్రభుత్వ వకీలును కలిశారు. "టీచరు గారూ, సంతకం పెట్టేసేరు కదండీ. ఇప్పుడు మారిస్తే మీ మీదకే వస్తుంది" అని ఆయన మంచిగానే చెప్పారు. "రానివ్వండి బాబూ" అన్నారు. ఇంట్లోవాళ్ళు కాళ్ళావేళ్ళా పడ్డారు. అన్నిటికన్నా కఠినమైన విషయం, గాయపడిన సుధీర్ ఆమె వెళ్ళే చర్చి బిడ్డే. అతని తల్లి రత్నమ్మ వాకిట్లో నిలబడి, "మా పిల్లాడు కుంటుతూ తిరుగుతున్నాడు, మీరు ఆడి పక్షాన చెబుతారా అండీ?" అని ఏడ్చింది. కరుణమ్మ గారు ఆమె చేతులు పట్టుకుని, "ఆడి పక్షం కాదమ్మా. ఆడన్న మాట చెబుతాను" అన్నారు. రత్నమ్మ చేతులు విడిపించుకుని వెళ్ళిపోయింది.

లఖన్ తరఫు న్యాయవాది పిలవగా ఆమె బోను ఎక్కిన రోజు నేను కోర్టులో ఉన్నాను. "అప్పుడు మీరు అబద్ధం చెప్పారా?" అని న్యాయమూర్తి అడిగారు. "లేదండి. చక్కగా చెప్పేను. అదే తప్పండి. అతని మాటలో మనిషి లేడు. వాక్యం నిండుగా ఉండాలని నేనే మనిషిని పెట్టేను" అన్నారు. రెండు భాషల మాటలూ విడమరిచి చెప్పారు. ఒక్క అక్షరం తడబడలేదు. వెనక బల్లల్లో ఎవరో, "ఇన్నాళ్ళూ మన పిల్లలకి ఈవిడేనా హిందీ చెప్పింది" అని నవ్వారు. ఆ నవ్వు ఆమెకు వినబడింది.

హత్యాయత్నం నిలబడలేదు. నిర్లక్ష్యానికి, లైసెన్సు లేని ఆయుధానికి పడిన శిక్ష అప్పటికే జైల్లో గడిచిపోయింది. విడుదలై మెట్లు దిగుతున్న లఖన్ దగ్గరకు వెళ్ళి ఆమె హిందీలో క్షమాపణ అడిగారు. అతను కోపగించుకోలేదు, కాళ్ళకు దండం పెట్టలేదు. "ఇంకోసారి అడిగి ఉంటే చెప్పేవాణ్ణి మేడమ్" అన్నాడు. అతను లోపల ఉండగానే సొంత ఊళ్ళో తల్లి పోయిందని అప్పుడే తెలిసింది.  ఇంటి గేటు దగ్గరికి వచ్చాక, "వాక్యం దిద్దేను శారదా. దిద్దగలిగింది అదొక్కటే" అన్నారు.

తర్వాత చాలా ఆదివారాలు చర్చిలో ఆమె కూర్చున్న చాప మీద పక్కన ఎవరూ కూర్చునేవారు కాదట. మా స్టాఫు రూములోనూ మాటలు ఆమె రాగానే ఆగేవి. ఆ గుసగుసల మధ్య మౌనంగా కూర్చున్నవాళ్ళం ఇవాళ ఆమె గుణగానం చేస్తున్నాం. ఒక హిందీ దినోత్సవం నాడు శాలువా కప్పబోతే వేదిక మీదే చేతులు అడ్డుపెట్టి, "నా అనువాదం వల్ల ఒక మనిషి నెలల తరబడి జైల్లో మగ్గేడండి, నాకొద్దు" అన్నారు. నిర్వాహకులు ఇబ్బందిగా నవ్వి మైకు తీసుకున్నారు.

అయినా ఆమెలో పరిహాసం చావలేదు. కొత్తగా వచ్చిన సైన్సు టీచరమ్మ ఒకరోజు, "హెడ్మాస్టరు గారి మాట నన్ను ట్రిగ్గర్ చేసిందండి" అంటే, "ఇంగ్లీషువాళ్ళు దాన్ని లాగుతారమ్మా, మనం నొక్కుతాం, హిందీవాళ్ళు గుర్రాన్ని అదుముతారు. వేలు చేసే పని ఒకటే. ఇప్పుడు మీరేమో వేలు కూడా లేకుండా పేలిపోతున్నారు" అన్నారు. అందరం నవ్వాం. ఆమె నవ్వుతూనే, "ఏమన్నారో సరిగ్గా చెప్పు, మాట మాటా చెప్పు" అని ఆ అమ్మాయి పక్కన కూర్చుని గంటసేపు విన్నారు. పిల్లల విషయంలోనూ మారారు. ఏదైనా పగిలితే కర్త ఎవరని అడగడం మానేసి, ఎలా జరిగిందని అడిగేవారు.

భూస్థాపనకు ముందురోజు దేవదానం గారు నన్ను పక్కకు పిలిచి, "శారదమ్మా, ఆ కోర్టు సంగతి రేపు ఎత్తకండమ్మా. పోయిన మనిషికి మచ్చ ఎందుకు?" అన్నారు. దుఃఖంలో ఉన్న మనిషి మాట కాదనలేక, ఆమె భాషా పాండిత్యం గురించి నాలుగు మాటలు చెప్పి దిగిపోయాను. ఇంటికి వచ్చాక ఆ మాటలే మళ్ళీ తలచుకున్నాను. ఎవరి గురించి మాట్లాడానో నాకే తెలియలేదు.

ఈ వ్యాసాన్ని అచ్చుకు పంపేముందు ఆయనకు ఫోనులో మొత్తం చదివి వినిపించాను.   అంతా విన్నాక, "అక్క ఎప్పుడూ దాచలేదండి. దాచింది మేమే. వేయించండి" అన్నారు.

మాటకు ప్రాణముందని బోధించేవారు ఎందరో ఉంటారు. ఒక మాట వల్ల మనిషికి జరిగిన నష్టాన్ని తన పేరు మీద వేసుకుని, నలుగురిలో నిలబడి చెప్పగలిగినవారు ఇక మా మధ్య లేరు. ఆ స్థానం పూడదు. ఆ తల్లికి తల వంచి నమస్కరిస్తున్నాను. గౌరవంతో వంచింది ఎంతో, సిగ్గుతో వంచింది ఎంతో విడదీసి చెప్పడం నాకు చేతకావడం లేదు.