జంతికలు చుట్టిన బోర్డు

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే చాలు, మా ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుంటారు. కాబట్టి మీకు చెబుతున్నాను. కువైట్‌లో, అబూ హలీఫాలో, బోర్డులూ బ్యానర్లూ వేసే ఓ చిన్న షాపులో డిజైనర్‌గా ఉండేవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. అప్పట్లో కంప్యూటర్లో తెలుగు అక్షరాలంటే నాలుగైదు రకాలే. అన్నీ నిటారుగా, చేతులు కట్టుకుని నిలబడ్డట్టు ఉండేవి. ఉగాది బ్యానరుకీ అవే, సంతాప సభకీ అవే. నాకప్పుడు పెళ్ళి కాలేదు, జుట్టు బోలెడు ఉండేది, తెలుగు లిపిని ఉద్ధరించే బాధ్యత నా నెత్తినే పడిందని గట్టి నమ్మకం కూడా ఉండేది.

శుక్రవారం సెలవు వస్తే అందరూ సముద్రం ఒడ్డుకి పోయేవారు, నేను తెల్లకాగితాలు ముందేసుకుని చేత్తో అక్షరాలు గీసేవాణ్ణి. ఇంగ్లీషువాడికి గుప్పెడు అక్షరాలు గీస్తే పని అయిపోతుంది. మనకు గుణింతాలు, ఒత్తులు, ఒత్తుల మీద ఒత్తులు! గీసినవాటిని స్కాన్ చేసి ఒక్కొక్కటీ కంప్యూటర్లోకి ఎక్కించేసరికి నడుం పడిపోయేది. అసలు ఆనందం మాత్రం బారసాలలో ఉండేది. చుట్టూ కనిపించినదాని పేరే పెట్టేవాణ్ణి. అక్కడి అరబ్బు రొట్టెలా బొద్దుగా, గుండ్రంగా, మధ్యలో కాస్త పొంగిన అక్షరాలు 'కుబ్బూస్'. అన్నీ ఒకే పక్కకి ఒరిగిపోయి, కళ్ళు మూసుకుని పరిగెడుతున్నట్టుండేవి 'దుమ్ముగాలి'. తలకట్లన్నీ బట్టల క్లిప్పులై, అక్షరాలు దండేనికి వేలాడుతూ ఉంటే అది 'ఆరేసిన బనియన్' (మా గదిలో ఆరుగురం, బనియన్లకు కొదవ లేదు). వీటన్నిటికీ మకుటం 'జంతిక'. ఒక్కో అక్షరం గొట్టంలోంచి వత్తినట్టు చుట్టలు చుట్టలుగా తిరిగి, మొదలెక్కడో చివరెక్కడో తెలియకుండా ముగిసేది. దాన్ని చూసుకుని నేనే మురిసిపోయేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే మా బాబాయి మెస్సు పెట్టాడు. బాబాయంటే రక్తసంబంధం కాదు, మా కోనసీమవాడు, పెద్దవాడు, అంతే. సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో ఏళ్ళ తరబడి వంట చేసి, ఆ ఇంటాయన్నే కఫీల్‌గా, అంటే వీసాకి పూచీ పడే యజమానిగా, ఒప్పించి, అబూ హలీఫాలో మూతబడ్డ ఓ కఫెటేరియా తీసుకున్నాడు. "రంజాన్ దాకా చూస్తాను. నడిస్తే నడిచింది, లేదా ఖలాస్, ఇఖామా రద్దు, టిక్కెట్టు చేతిలో పెడతా" అని కఫీల్ ముందే చెప్పేశాడట (ఇఖామా అంటే అక్కడ ఉండనిచ్చే పర్మిట్). కఫెటేరియా పాత పేరు అరబిక్‌లోనూ ఇంగ్లీషులోనూ అలాగే ఉండాలనీ, దాన్ని ముట్టుకోకూడదనీ ఇంకో షరతు. అంటే, లోపల తెలుగు భోజనం దొరుకుతుందని వీధిలో పోయేవాడికి చెప్పాల్సింది కింద వేసే ఒక్క తెలుగు వరసే. బాబాయి భవిష్యత్తంతా ఆ వరస మీద ఉంది. ఆ వరస నా చేతికొచ్చింది.

నేను 'జంతిక' తీశాను. పసుపు మీద ఎర్రటి అక్షరాలతో, లోపల లైటుతో 'కోనసీమ భోజనం' అని బోర్డు వేసి బిగించాను. బాబాయి రోడ్డు అవతలికెళ్ళి, నడుం మీద చేతులేసుకుని చాలాసేపు చూశాడు.

"అబ్బాయ్, బాగానే ఉంది గానీ, సదవడానికి వత్తదంటావా?"

"చదవడం ఎవరైనా చదువుతారు బాబాయ్. ఇది చూడాలి. చూడగానే నోరూరాలి."

"ఏమోరా. సదువుకున్నోడివి, నువ్వంటే సరే" అన్నాడు పాపం. (చదువుకున్నది డిప్లొమా, అదీ మెకానికల్.)

శుక్రవారం ప్రారంభం. బాబాయి పొద్దున్నే లేచి పనసపొట్టు కూర, కొబ్బరి పచ్చడి, చేపల పులుసు, ముద్దపప్పు వండి, విస్తరాకుల్లాంటి కాగితాలు పరిచి కూర్చున్నాడు. మధ్యాహ్నం నమాజు అయింది. వీధి నిండా తెలుగువాళ్ళే. తలెత్తి బోర్డు చూసి, తల దించుకుని ముందుకు పోతున్నారు. ఇంతలో ఫోను. అమ్ఘరాలో తుక్కు యార్డులో పనిచేసే మా జగిత్యాల అన్న. ఈ భోజనం కోసమే అంత దూరం నుంచి బస్సులు మారి వచ్చాడు.

"తమ్మీ, ఏడ పెట్టిండ్రే మీ మెస్సు? గీ గల్లీల తిరిగి తిరిగి కాళ్ళు గుంజుతున్నయ్."

"అక్కడ పసుపు బోర్డు ఉంటుంది చూడన్నా, ఎర్ర అక్షరాలు."

"ఉన్నదే. దానికిందనే నిలబడ్డ. గది సిలోనోళ్ళ హోటల్ గదా!"

నేను బయటికొచ్చి చూద్దును కదా, అన్న ఒక్కడే లేడు. అతని పక్కన నలుగురైదుగురు శ్రీలంక ఆడవాళ్ళు, ఒక డ్రైవరూ నిలబడి, మెడలు వంచి మరీ నా బోర్డుతో కుస్తీ పడుతున్నారు. ఒకామె ఏదో చదివింది, రెండో ఆమె కాదని ఇంకేదో చదివింది. చివరికి డ్రైవరు నన్ను చూసి హిందీలో అడిగాడు: "భాయ్, రాత మా సింహళమే, కానీ ఏం రాశారో తెలియడం లేదు. మీరు శ్రీలంకలో ఏ ఊరు?"

బాబాయి గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. నా మొహం చూశాడు, వాళ్ళ మొహాలు చూశాడు, బోర్డు చూశాడు. తిడతాడనుకున్నాను. "ఆకలి మీద వచ్చినోళ్ళని నిలబెట్టకూడదురా" అని వాళ్ళని లోపలికి పిలిచాడు. వాళ్ళు పనసపొట్టూ కొబ్బరి పచ్చడీ చూసి ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. తర్వాత చేతులు కడుక్కుని కూర్చున్నారు. అందులో పెద్దామె కూర మళ్ళీ వేయించుకుంటూ, తమ ఇంట్లో కూడా పనసకాయ ఇలాగే వండుతారని అంది. అప్పటికే నేను అట్టపెట్టె చింపి, మార్కరుతో, ఒంపులేవీ లేకుండా, ఒకటో తరగతి పలక మీద రాసినట్టు 'తెలుగు భోజనం' అని రాసి తలుపుకి అంటించాను. అన్న బయట నిలబడి, "రండ్రి, మనదే, మనదే!" అని వీధిని పిలిచాడు. సాయంత్రానికి గిన్నెలు ఖాళీ.

ఆ జంతికల రాత పీకేస్తానని మర్నాడు నిచ్చెన తెచ్చాను. బాబాయి ఒప్పుకోలేదు. "దాని జోలికెళ్ళకు. ఆళ్ళు దాన్ని చూసే వచ్చారు, మళ్ళా దాన్ని చూసే వత్తారు. కింద ఇంకోటి పెట్టు, ఆ అట్టముక్క మీద రాసావు సూడు, అలాంటిది." అట్టముక్క అక్షరాల్నే కంప్యూటర్లోకి ఎక్కించాను. రంజాన్ వచ్చింది, వెళ్ళింది, కఫీల్ కూడా ఇఫ్తార్ అయ్యాక వచ్చి చేపల పులుసు తిని వెళ్ళాడు. టిక్కెట్టు మాట మళ్ళీ ఎత్తలేదు.

కొత్త అక్షరాలకి ఏం పేరు పెట్టాలో నాకు తోచలేదు. వాటిలో పేరు పెట్టడానికేముంది? బాబాయినే అడిగాను.

"అన్నం అని పెట్టరా" అన్నాడు, బియ్యం కడుగుతూ. "నీయన్నీ పిండివంటలు. పండక్కి బాగుంటాయి. మనిషి రోజూ తినేది ఇదే కదా."

తర్వాత ఆ కంప్యూటర్ చెడిపోయింది. కుబ్బూసూ, బనియన్లూ, దుమ్ముగాలీ, జంతికా దాంతోపాటే పోయాయి. మెస్సు మెనూ కోసం వేరే చోట దాచిన 'అన్నం' ఒక్కటి మిగిలింది. ఈమధ్య గృహప్రవేశం కార్డు వేయించడానికి వెళ్తే, డిజైనర్ అమ్మాయి తను గీసిన మెలికలు తిరిగిన అక్షరాలు చూపించి, "ఎలా ఉన్నాయి సార్?" అంది కళ్ళు మెరుస్తుంటే. "బాగానే ఉన్నాయమ్మా, చదవడానికి వస్తాయంటావా?" అన్నాను. ఆ అమ్మాయి నావైపు జాలిగా చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు, ఒకప్పుడు నాదే. కార్డు నేను 'అన్నం'లోనే వేయించుకున్నాను, కానీ వచ్చేటప్పుడు ఆమె మెలికల అక్షరాలకి ఏం పేరు పెట్టిందో అడక్కుండా ఉండలేకపోయాను.